మూసిన పెట్టెను తెరచుట

ఆలంపూరు మ్యూజియములో శిలాశాసనములను చూచుచున్నాము. రాతిమీది మాట అందరికి బహిరంగమే. లోహపు పెట్టెలో ముద్రవేసి దాచిన మాట సంగతి వేరు. తప్పుగా తెరచినయెడల రెండవవాడు చదువుట కేమియు మిగులదు. యిర్మీయా తన పొలపు క్రయపత్రములను మంటికుండలో పెట్టించినది (32వ అధ్యాయము) తరువాతివారికొరకే గదా! మరి అట్టిదానిని తెరచుటకు ఎవరికి హక్కు కలదు?

1973 ఆగస్టు 15న ఢిల్లీ ఎఱ్ఱకోటలో ప్రభుత్వము దేశచరిత్రను లోహపాత్రలో పెట్టి పాతించెను. రాబోవు యుగములవారి కనిరి. ప్రభుత్వము మారగా 1977లోనే త్రవ్వి తీసిరి. ప్రజల సొమ్ముతో వ్రాసిన చరిత్రను ప్రజలు అడుగుట నేరమని మేమనము. అయినను అది అనుమానముతో తెరచిన పెట్టె.

అమెరికాలోని బోస్టనులో 1795లో శాసనసభా భవనపు మూలరాతిక్రింద కొన్ని వస్తువులుంచిరి. 1855లో అవి బయటపడగా, ఆనాటివారు తమ కాలపు వస్తువులనుకూడ చేర్చి ఇత్తడిపెట్టెలో మరల మూసిరి. 2014లో అది దొరికినప్పుడు ఎవరును పెట్టెను పగులగొట్టలేదు. ముందు ఎక్స్‌రే తీసి లోపల ఏది ఎక్కడున్నదో చూచిరి. మరలను ఓపికతో విప్పిరి. 2015 జనవరి 6న మూత తీసి, సన్నని పనిముట్లతోను ఏదుముల్లుతోను పాత పత్రికలను, నాణెములను కదలించిరి. ఆ జూన్‌లో 2015 నాణెములను చేర్చి తిరిగి మూలరాతిలో ఉంచిరి.

మన గ్రామములలో పాత మందిరమును విప్పునప్పుడు ఇట్టి డబ్బా దొరకవచ్చును. గునపము ప్రక్కన పెట్టుడి. ఫోటో తీయించి, దానిని కుదుపక పొడిచోట నుంచి, మ్యూజియమువారికి కబురంపుడి. లోపల డబ్బున్నదేమోయని పిల్లలు తొందరపడుదురు. పెద్దలు అంతకంటె తొందరపడుదురు! తిరిగి మూయు దినమున మన సంఘస్థుల పేర్ల పట్టికనుకూడ అందులో ఉంచవచ్చును.