నైస్‌గా ఉండటం

ఇంగ్లీషులో ‘నైస్’ అన్నంత తేలిగ్గా వాడేసే విశేషణం ఇంకోటి లేదనుకుంటా. కాఫీ నైస్, సినిమా నైస్, పెళ్లిసంబంధం నైస్. ఈ జబ్బు కొత్తదేం కాదు. 1817 చివర్లో వచ్చిన ‘నార్తాంగర్ ఎబీ’ నవలలోనే జేన్ ఆస్టిన్ ఒక పాత్ర చేత ఈ మాటని తీరుబడిగా వెక్కిరింపజేసింది. దీని పుట్టుక ఇంకా తమాషా. లాటిన్‌లో ‘నెస్కియస్’ అంటే ఏమీ తెలియనివాడు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ‘తెలివితక్కువ’ అనే అర్థం. అక్కణ్ణుంచి నాజూకు, నిశితం అంటూ తిరిగి తిరిగి, 18వ శతాబ్దానికిగానీ ‘బావుంది’ దాకా రాలేదు.

మనవాళ్లు మాత్రం దీన్ని ఇంగ్లీషువాళ్లకంటే నిజాయితీగా వాడతారు. పిండిమర దగ్గర ‘నైస్‌గా పట్టు’ అంటే పలుకు తగలకుండా అని. ‘నైస్ చేసి పని చేయించుకున్నాడు’ అంటే కాకాపట్టి. ‘నైస్‌గా జారుకున్నాడు’ అంటే వేరే చెప్పక్కర్లేదు. మూడింట్లోనూ నునుపు ఉంది, మంచితనం ఎక్కడా లేదు.

ఈ తేడా ఆఫీసులో బాగా తెలుస్తుంది. నేను ఒకప్పుడు పనిచేసిన కంపెనీలో, పక్క టీములో ఓ కుర్రాడు ఉండేవాడు. కోడు ఎవరికి చూపించినా ‘నైస్’ అనేవాళ్లు. ఏడాది చివర్లో రేటింగు అట్టడుగున వచ్చింది. మూడు నెలల్లో ఉద్యోగం పోయింది. చివరి మీటింగులో కూడా మేనేజరు చాలా నైస్‌గా మాట్లాడాడట. ‘ఒక్కడైనా ముందే తిట్టొచ్చు కదన్నా’ అన్నాడు నాతో. తిట్టడమే మంచితనం అనను, నోటిదురుసుని నిజాయితీ కింద చెలామణి చేసేవాళ్లనీ చూశాను. కానీ ఆ మెచ్చుకోళ్ల వల్ల బాగుపడిందెవరు? అయిదు నిమిషాల ఇబ్బంది తప్పించుకున్నవాళ్లు. ఖర్చంతా వాడి ఖాతాలో.

యూనిక్స్‌లో ‘నైస్’ అనే కమాండు ఉంది. లినక్స్‌లో అయితే ప్రతి ప్రోగ్రాముకీ మైనస్ 20 నుంచి 19 లోపు ఒక నైస్ విలువ ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ ఆ ప్రోగ్రాము ప్రాసెసరు సమయాన్ని పక్కవాటికి వదిలేస్తుంది. అంటే ఇక్కడ నైస్‌గా ఉన్నందుకు నష్టపోయేది నైస్‌గా ఉన్నవాడే. ఆ పేరు పెట్టినవాళ్లకి ఈ మాట మీద నాకంటే గౌరవం ఎక్కువే అనిపిస్తుంది. ఇంకో మెలిక కూడా ఉంది. సామాన్య యూజరు తన అంకె పెంచుకోవచ్చు, తగ్గించుకోవాలంటే మాత్రం మామూలుగా రూట్ అనుమతి కావాలి. కొత్తగా చేరిన ఉద్యోగుల్ని, కొత్త కోడళ్లని చూసినప్పుడల్లా నాకు ఈ రూలే గుర్తొస్తుంది. రెండేళ్లు అన్నిటికీ సరేనన్న కోడలు ఓరోజు ‘నాకిది కుదరదు’ అంటే, ఏది కుదరదో ఎవరూ అడగరు. ‘ఇంతకుముందు బాగానే ఉండేదిగా, ఏమైంది?’ అంటారు.