చూరులోని వేటకత్తి



మన గ్రామములలో అనేక గృహములందు తాతల నాటి వేటకత్తి ఒకటి ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిమృగముల వేటను అరికట్టినది. అయినను కత్తి మాత్రము ఇంట నిలిచిపోయినది. ఇప్పుడది కంచెకు కంప కొట్టుటకును, పండుగనాడు మాంసము కోయుటకును పనికివచ్చుచున్నది. పని తీరిన తరువాత దానిని చూరులో దోపుట మనకు వాడుక. చేతికి అందునట్లు ఉంచుకొనుటలో తప్పేమి అని అడుగుదుము. ఈ మాసము ఆ ప్రశ్ననే ఆలోచింతము.

మేమెరిగిన ఒక ఇంటిలో ఇద్దరన్నదమ్ములకు పొలము గట్టు విషయమై మాట పెరిగెను. ఆదివారమున ఒకే చాపమీద కూర్చుండువారే. పెద్దవాని చేయి చూరులోనికి పోయెను. కత్తి అక్కడ లేదు. పసివాడైన మనుమడు దానికొరకు చేయి చాపుట చూచి, ఆ ఉదయమే వారి తల్లి దానిని ట్రంకుపెట్టెలో పెట్టి తాళము వేసినది.

“కత్తి ఏదమ్మా?” అని అతడు అరచెను.

“పెట్టెలో ఉన్నది నాయనా. తాళపుచెవి నా కొంగున ఉన్నది. దేనికి?” అని ఆమె అడిగెను.

ఆ “దేనికి” అను మాటకు అతనియొద్ద జవాబు లేకపోయెను. అతడు గడపమీద కూలబడి ఏడ్చెను.

విశ్వాసి తన హృదయమును కాచుకొనిన చాలును గదా, తాళమెందుకు అని కొందరు అందురు. గెత్సేమనే తోటలోని పేతురును చూడుడి. అతడు ప్రభువును ప్రేమించినవాడే. ఎవని చెవినో నరుకవలెనని బల్లయొద్దనుండి లేచినవాడు కాడు. కోపము వచ్చెను, కత్తి ప్రక్కనే ఉండెను. అంతే, మల్కు చెవి తెగిపోయెను. కత్తిని ఒరలో పెట్టుమని ప్రభువు అతనికి ఆజ్ఞాపించెను (యోహాను 18:10, 11). తెగిన చెవిని ప్రభువు బాగుచేసెను. మన ఇంట తెగినదానిని మనము అతికింపలేము.

క్రొత్త ఇంటి మిద్దెకు పిట్టగోడ కట్టుమని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (ద్వితీయోపదేశకాండము 22:8). యజమానుడు దుష్టుడని కాదు, మిద్దెమీదికి వచ్చినవాడు కాలు జారవచ్చునని. గోడ లేక ఒకడు పడినయెడల, “నేను త్రోయలేదు” అను మాట చెల్లదు. అటులనే చూరులోని కత్తి పసివాని వ్రేలిని కోసినను, “నేను కోయలేదు” అని మనము తప్పించుకొనలేము. తాళము వేయుట ఇంటివారిని అనుమానించుట కాదు. కాలుజారు గడియ ప్రతివానికిని వచ్చునని ఒప్పుకొనుటయే.

కాబట్టి పని ముగియగానే కత్తిని కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె పలుచగా రాయుడి. వంటనూనె నిలువయున్న జిగురు కట్టును. తోలు ఒర తేమను పట్టును గనుక, నెలల తరబడి దానిలో ఉంచిన ఇనుము త్రుప్పుపట్టును. పదునైన అంచుకు మందపాటి అట్ట కట్టి, పొడిగుడ్డ చుట్టి పెట్టెలో పెట్టుడి. పెట్టెలో చేయి పెట్టినవానికి మొన తగులకూడదు. వానకాలమున అప్పుడప్పుడు తీసి చూడుడి. మొద్దుబారిన దానిని సానబెట్టించుడి; పదును లేనిది బలము పెట్టినప్పుడు జారి చేతిమీదికి వచ్చును. తాళపుచెవి పిల్లలకు అందనిచోట, ఇంటిలో నిదానము గల పెద్దవారియొద్ద ఉండవలెను.

ఆ తల్లి ఆ దినమున ప్రసంగమేమియు చేయలేదు. మనుమని వ్రేళ్లను కాపాడుటకు వేసిన తాళము ఆమె ఇద్దరు కుమారులను కాపాడెను. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చుండకముందు, మనలో ప్రతివాడును తన ఇంటి చూరువైపు ఒకసారి చూచునుగాక.