నోరు విప్పవలెనా, మూసికొనవలెనా?

ధ్యాన భాగములు: 1 సమూయేలు 24, మత్తయి 18:15–17



ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడలోని గుణదల కొండ జనముతో నిండిపోవును. 1924లో ఫాదర్ అర్లాటిగారు అక్కడ మరియమాత స్వరూపమును నిలిపిరి. నేడు డెల్టా పల్లెలనుండి బిడ్డలను చంకనెత్తుకొని ఆ కొండకు వచ్చువారెందరో. నేను ఆ సంఘమువాడను కాను. అయినను నా చిన్ననాటి స్నేహితుడొకడు, మా పొరుగూరి రైతు, కతోలిక విశ్వాసి, ఏటేట ఆ కొండ యెక్కును. ఒక ఏడు తిరునాళ్ళనుండి తిరిగి వచ్చుచు మా అరుగుమీద కూర్చుండి నన్నిట్లడిగెను:

“ఏమయ్యా, నువ్వు పాస్టరువి గదా, చెప్పు. గురువుగారికి దణ్ణం పెట్టే మనిషి ఆయన తప్పు ఆయనకు చెప్పొచ్చా? చెబితే భక్తి పోతుందేమోనని భయం. చెప్పకపోతే నిజం పోతుందేమోనని బాధ.”

నేను వెంటనే జవాబియ్యలేకపోతిని. ఆ ప్రశ్న నా గుండెకే తగిలినది.

మన పల్లెలలో రెండు అలవాట్లు కలవు. ఒకటి, దైవజనుని ఏమియు అనరాదని నోరు మూసికొనుట. రెండవది, ఆయనకు తప్ప అందరికిని చెప్పుట. చెరువు గట్టున, టీ కొట్టు దగ్గర, ఇప్పుడు చేతిలోని ఫోనుమీద కూడ చెప్పుదుము. మొదటిదానికి భక్తి అని పేరు పెట్టుదుము, రెండవదానికి ధైర్యమని పేరు పెట్టుదుము. ఆ పేర్లు వాటికి తగునా?

నోరు మూసికొనువారు దావీదును సాక్ష్యముగా పిలుతురు. అభిషిక్తుడైన సౌలుమీద అతడు చెయ్యి యెత్తలేదు గదా అందురు. నిజమే. అయితే కథ అక్కడ ఆగిపోలేదు. దావీదు గుహనుండి బయటికి వచ్చి, కోసిన అంగీ చెంగు చేత పట్టుకొని, సౌలు చేయుచున్న అన్యాయమును అతని యెదుటనే చెప్పెను. చెప్పుచు అతనిని తండ్రీ అని పిలిచెను. చెయ్యి యెత్తలేదు గాని నోరు విప్పెను. గౌరవమును సత్యమును ఒక్క నోటనే యుండెను.

సంఘ చరిత్రలోను ఇట్టివారు కలరు. ఇటలీ దేశములో సియెన్నా కత్తెరీనమ్మ (1347–1380) బట్టలకు రంగులద్దువాని కుమార్తె. ఆమెకు సంఘములో ఏ అధికారమును లేదు. అయినను అవిన్యోను పట్టణములో నివసించుచున్న పదునొకండవ గ్రెగోరి పోపుగారికి, రోమునకు తిరిగి రండని, సంఘమును చక్కబరచుడని ఉత్తరములు వ్రాసెను. ఆ ఉత్తరములలో ఆమెయు ఆయనను ప్రేమగా తండ్రీ అనియే పిలిచెను. 1377లో పోపుగారు రోము చేరిరి. 1964లో రెండవ వాటికన్ మహాసభ, సంఘ క్షేమమును గూర్చి తమ మనస్సులోని మాటను కాపరులకు చెప్పుట గృహస్థ విశ్వాసుల హక్కనియు, ఒక్కొక్కప్పుడు బాధ్యతయే యనియు తెలిపెను. అయితే అది సత్యముతో, ధైర్యముతో, వివేకముతో, గౌరవముతో, ప్రేమతో జరుగవలెననెను.

మనవారిలో అజరయ్యగారిని తలంచుకొనుడి. 1910లో ఎడింబరో మహాసభలో ఆయన మిషనెరీల త్యాగమును మెచ్చుకొని, మీ స్నేహము మాకు కావలెనని వారి ముఖముననే చెప్పిరి. కొందరికి ఆ మాట కష్టముగా తోచెను. రెండేండ్లకు ఆయనే దోర్నకల్ బిషప్పయిరి. కృష్ణా జిల్లాలోని ఆంగ్లికన్ సంఘములు తరువాత ఆయన మేత్రాసనములో చేరినవి.

ఇక నా సంగతి చెప్పెదను. ఇరువదియైదేండ్ల క్రిందట నేను ఒక కాలువగట్టు పల్లెలో కాపరిగా నుంటిని. కోతపండుగ కానుకగా వచ్చిన వడ్లు అమ్మిన సొమ్మును నా యింటి అక్కరకు వాడుకొంటిని. తిరిగి కట్టుదుననియే తలంచితిని. నెలలు గడిచినవి, లెక్క చదువలేదు. ఊరంతయు గుసగుసలాడెను. కొందరు కానుక తగ్గించిరి. రెండు కుటుంబములు గుడికి రావడము మానినవి. నాతో మాత్రము ఎవరును ఒక్క మాటయు అనలేదు.

ఒక సాయంకాలము నాట్లు వేసి వచ్చిన ఒక ముసలమ్మ కాళ్ళ బురద కడుగుకొని మా వసారాలో నిలిచెను. “అయ్యగారూ, మీకోసం మూడు రోజులు ఒంటిపూట ఉండి ప్రార్థన చేసి వచ్చానండి. ఆ వడ్ల డబ్బు లెక్క గుళ్ళో చెప్పండయ్యా. వాళ్ళు మిమ్మల్ని అంటుంటే వినలేకపోతున్నాను” అనెను. లెక్కలడుగుటకు నీవెవరవను మాట నా నాలుక చివరకు వచ్చెను. ఆమె కన్నీరు చూచి దానిని మ్రింగివేసితిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆదివారమున సంఘము ముందు తప్పు ఒప్పుకొని, మూడు నెలలలో సొమ్ము తీర్చితిని.

సహోదరులారా, గుసగుసలాడినవారు అబద్ధమాడలేదు. అయినను వారి నిజము నా చెవిని చేరలేదు. నా తప్పు ఊరంతయు ఎరుగును. దానినుండి నన్ను లేవనెత్తినది ఆమె యొక్కతెయే. ఆమె ముందు మోకాళ్ళూనెను, తరువాత నోరు విప్పెను.

అయితే ఒక హెచ్చరిక. పసిబిడ్డకైనను స్త్రీకైనను హాని జరిగినచోట, ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడుమని బాధపడినవారిని ఆ దుర్మార్గుని యొద్దకు పంపరాదు. ప్రభువు మాటను తప్పు దాచుటకు తెరగా వాడుట పాపము. బాలలపై లైంగిక నేరము తెలిసినవారు పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము చెప్పుచున్నది. అచ్చట మౌనము భక్తి కాదు, బలహీనుని విడిచిపెట్టుటయే.

ఇదంతయు నా స్నేహితునితో చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, “అయితే రేపు ఫాదర్‌గారి దగ్గరికే వెళ్తాను. ఊళ్ళో ఎవరితోనూ అనను. నువ్వు ప్రార్థన చెయ్యి” అని లేచి వెళ్ళెను.

చదువరీ, నీ కాపరిమీద నీకు వ్యసనమున్నదా? ఈ వారము అతని కొరకు ఎన్ని మారులు ప్రార్థించితివి? అతని గడప ఎన్ని మారులు తొక్కితివి? తోడి కాపరులారా, మన వసారాకు వచ్చి నిజము చెప్పువారిని శత్రువులుగా ఎంచకుందము. అట్టివారు రాకపోయిన దినమున మనము భయపడవలెను.

ప్రభువా, చెప్పువానికి ప్రేమను, వినువానికి దీనతను అనుగ్రహించుము. ఆమేన్.