అడవి నేలని అడుగుదాం



పంచశీలలో మొదటి శీలం రోజూ చెప్పుకుంటాం, ప్రాణం తీయనని. అప్పుడు మీ మనసులో ఏ ప్రాణి మెదులుతుంది? ఆవో, మేకో, కోడో. పేడపురుగు మెదలదు. పురుగే కదా అనేస్తాం.

ధమ్మం అట్లా అనలేదు. వానాకాలం మూడు నెలలు భిక్షువులు ఒకేచోట ఉండాలని బుద్ధుడు ఎందుకు నియమం పెట్టాడు? కొత్తగా మొలిచిన పచ్చిక, చిన్నచిన్న ప్రాణులు భిక్షువుల కాళ్ల కింద నలిగిపోతున్నాయని జనం చెప్పుకున్నందుకు. భిక్షువు వెంట ఉండాల్సిన ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడకట్టే గుడ్డ కూడా ఒకటి.

ఇది ఒట్టి జాలి అనుకోకండి. ఒకటి మరొకదాన్ని ఆనుకుని ఉంటుందనే పటిచ్చసముప్పాదం ఇందులో ఉంది. అది కళ్లారా చూడాలంటే నల్లమల లాంటి అడవిలో కాసేపు నేలమీద కూర్చోండి.

అడవి బాగుందా అంటే మనం చెట్లు చూసి చెప్తాం. జామాయిల్ తోట కూడా దూరానికి పచ్చగానే ఉంటుంది. అడవి సంగతి పురుగుల్ని అడగాలి. పెరట్లో కరివేపాకు తినే సీతాకోక గొంగళి పక్కనున్న మామిడాకు ముట్టదు. చాలా గొంగళ్లకి తమ మొక్కే కావాలి. రకరకాల సీతాకోకలు పుట్టే చోట రకరకాల మొక్కలు ఉన్నట్టే. తూనీగ పిల్లలు నీళ్లలో పెరుగుతాయి, వాగు చెడితే వాటి రకాలు తగ్గుతాయి. పేడపురుగు పేడని మట్టిలో పాతి నేలకి బలమిస్తుంది. అది తగ్గిందంటే పేడ వేసే జంతువులు ఏమయ్యాయో చూడాలి. చెదలు ఎండుకట్టెని మట్టి చేస్తాయి, ఆ చెదల్ని ఎలుగుబంటి తింటుంది. పురుగు బతుకు చిన్నది. అందుకే చెట్టు ఇంకా పచ్చగా నిలబడి ఉండగానే అడవి జబ్బు పురుగులో బయటపడుతుంది.

ఎండాకాలం అడవి అంటుకుంటుంది. వానలకి చెట్లు మళ్లీ చిగురిస్తే ఏం కాలేదనుకుంటాం. రాలిన ఆకుల్లో కాలిపోయిన గుడ్లు, గొంగళ్లు చిగురించవు. నిప్పు అనగానే అడవిలో బతికేవాళ్ల మీద నెపం వేస్తాం. ముందు మన చేతులు చూసుకుందాం. నాగార్జునకొండకి పోతూ దారిలో వండుకుని, పొయ్యి ఆర్పకుండా లేచిపోయేది మనమే కదా?

అశోకుడు పట్టాభిషేకమైన 26 ఏళ్లకి వేయించిన అయిదో స్తంభశాసనంలో, ప్రాణులున్న పొట్టుని కాల్చవద్దని, ఊరికే గానీ ప్రాణుల్ని చంపడానికి గానీ అడవికి నిప్పు పెట్టవద్దని ఆజ్ఞాపించాడు. బి.ఏ.లో ఈ శాసనాలు నేను మార్కుల కోసం బట్టీ పట్టాను. తర్వాత ఎన్నో ఏళ్లు మా విహారం వెనక ఆకులు ఊడ్చి నా చేత్తోనే కాల్చాను. శుభ్రం అనుకున్నాను. ఇప్పుడు ఓ మూల పోగేసి వదిలేస్తున్నాం, అవే ఎరువవుతున్నాయి.

ఆషాఢ పున్నమి తర్వాత వర్షావాసం మొదలవుతుంది. ఆ మూడు నెలలు వారానికోసారి పిల్లల్ని వెంటబెట్టుకుని ఒకే చెట్టు కింద పావుగంట కూర్చోండి. ఏదీ పట్టుకోవద్దు, చంపొద్దు. ఎన్ని రకాల పురుగులు కనిపించాయో రాసుకోండి. వచ్చే ఏడు మళ్లీ అక్కడే కూర్చుని లెక్క పోల్చుకోండి. తగ్గితే ఎందుకు తగ్గాయో ఊరంతా కలిసి అడుగుదాం. మొదటి శీలం పాటించడమంటే అది కూడా.