మానవత్వానికి అంకె: ‘సైబర్‌పంక్’ పాత్రధారణ క్రీడలో యంత్రావయవాలు – ఒక నైతిక పరిశీలన

తెలుగులో ‘నువ్వు మనిషివేనా?’ అన్న ప్రశ్న జవాబు కోరి వేసేది కాదు. అడిగినవారు ఎదుటివారి జాతిని సందేహించడం లేదు; ప్రవర్తనను నిందిస్తున్నారు. ‘మానవత్వం లేని మనిషి’ అన్న పదబంధంలో ఎవరికీ వైరుధ్యం తోచదు. మనిషిగా పుట్టడం వేరు, మనిషితనం నిలుపుకోవడం వేరు అన్న ఎరుక ఆ వాడుకలోనే ఉంది. ఇంగ్లీషులో ‘హ్యుమానిటీ’ అనే ఒకే మాట మానవజాతిని, మనిషై ఉండే స్థితిని, దయాగుణాన్ని కూడా సూచిస్తుంది. ఈ మూడు అర్థాలూ కలిసిపోయిన మాట ఒక ఆటలో అంకెగా మారినప్పుడు తలెత్తే నైతిక సమస్యను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మైక్ పాండ్‌స్మిత్ రూపొందించిన ‘సైబర్‌పంక్’ పాత్రధారణ క్రీడను ఆర్. టల్సోరియన్ గేమ్స్ సంస్థ 1988లో ప్రచురించింది. రెండవ కూర్పు ‘సైబర్‌పంక్ 2020’ 1990లో వచ్చింది. బల్ల చుట్టూ కూర్చున్న ఆటగాళ్లు తలా ఒక పాత్రను స్వీకరించి, మాటలతోనే కథ నడుపుతారు. తక్కిన లోకాన్నంతా నిర్వాహకుడు నడుపుతాడు. ఫలితం సందిగ్ధమైన చోట పాచికలు తీర్పు చెబుతాయి. కథాస్థలం ‘నైట్ సిటీ’ అనే కల్పిత నగరం. అక్కడ వ్యాపార సంస్థల మాటే శాసనం; కన్ను, చెయ్యి, నాడీవేగం అన్నీ అంగడి సరుకులే.

ఈ సరుకులకు డబ్బుతో పాటు మరో మూల్యం కూడా ఉంది. ప్రతి పాత్రకూ ‘ఎంపతీ’, అంటే సహానుభూతి, అనే గుణాంకం ఉంటుంది. దాన్ని పదితో హెచ్చవేస్తే ‘హ్యుమానిటీ’ వస్తుంది. సహానుభూతి 6 అయితే మానవత్వం 60. రెండవ కూర్పులో యంత్రబాహువు అమర్చుకున్న పాత్రకు ఆరు ముఖాల పాచికలు రెండు వేసి, పడిన మొత్తాన్ని మానవత్వం నుంచి తీసివేస్తారు. పోయేది 2 కావచ్చు, 12 కావచ్చు. పది తగ్గినప్పుడల్లా సహానుభూతి ఒకటి తగ్గుతుంది. సహానుభూతి సున్నాకు చేరితే ఆ పాత్ర ‘సైబర్‌సైకోసిస్’ అనే ఉన్మాదంలో పడుతుంది. ఆటగాడి చేతి నుంచి జారి నిర్వాహకుడి వశమవుతుంది.

పైపైన చూస్తే ఈ నియమం దేహాన్నే మనిషితనానికి ఆధారంగా భావిస్తున్నట్టు కనిపిస్తుంది. మాంసం తగ్గి లోహం పెరిగితే మానవత్వం తరుగుతుందన్నది దాని తాత్పర్యమైతే, దానికి ప్రత్యాఖ్యానం తెలుగు ప్రేక్షకులకు చిరపరిచితమే. ప్రమాదం వల్ల కాలు కోల్పోయిన నర్తకి సుధా చంద్రన్ జైపూర్ కాలుతో మళ్లీ నాట్యమాడారు. ఆ జీవితకథ ఆధారంగా సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో తీసిన తెలుగు చిత్రం ‘మయూరి’లో తన పాత్రను తానే ధరించారు. ఆ కృత్రిమ పాదం ఆమె మనిషితనంలో ఏ అంశాన్నీ తగ్గించలేదు. ఆమెను తన కళకూ, ప్రేక్షకులకూ తిరిగి చేర్చింది. అవయవాన్ని బట్టి మానవత్వాన్ని లెక్కించే ఏ సిద్ధాంతమైనా వికలాంగుల పట్ల అన్యాయమే అవుతుంది.

అయితే నియమాన్ని నిదానంగా చదివితే మరో అర్థం బయటపడుతుంది. మానవత్వం అనే అంకె పుట్టేది దేహబలం నుంచి కాదు, సహానుభూతి నుంచి. అది తగ్గినప్పుడు మొదట దెబ్బతినేవి ఎదుటివారి మనసును కనిపెట్టడం, నచ్చజెప్పడం వంటి నైపుణ్యాలు. అంటే కొలతకు వచ్చేది ఇతరులతో ఉన్న సంబంధం. వసూలు మాత్రం దేహం పేరిట జరుగుతోంది. కొలిచేది ఒకటి, వసూలుకు నిమిత్తమైనది మరొకటి కావడమే ఈ నియమంలోని అసలు చిక్కు.

2020లో వెలువడిన ‘సైబర్‌పంక్ రెడ్’ కూర్పు ఈ చిక్కును కొంత సవరించింది. కోల్పోయిన అవయవానికి బదులుగా అమర్చే వైద్యపరమైన సాధనానికి మానవత్వ నష్టం లేదు. సాధారణ మానవశక్తిని మించాలని అమర్చుకున్నదానికి ఉంది. లోహంలో దోషం లేదనీ, దాన్ని కోరిన ఉద్దేశంలోనే ఉందనీ ఈ సవరణ ఒప్పుకున్నట్టయింది. కాని ‘సాధారణం’ అన్న గీతను గీసేది ఎవరు? నైట్ సిటీ రేవులో తోటి కూలీలందరూ యంత్రబాహువులతో బరువులు మోస్తుంటే, రెండు మామూలు చేతులున్నవాడికే పని దొరకదు. అతడు కొనే చెయ్యి ఆడంబరమా, అవసరమా? చికిత్సకూ, అధికశక్తికీ మధ్య గీతను దేహం గీయదు. బతుకు పరిస్థితులు గీస్తాయి.

సున్నా దగ్గర జరిగేది ఇంతకన్నా గంభీరమైనది. అక్కడ పాత్ర మరణించదు. తన నిర్ణయం తనది కాకుండా పోతుంది. పాచికల మీద తన్ను తాను కోల్పోవడం భారతీయ సాహిత్యానికి కొత్త కాదు. ముందుగా తన్ను ఓడిపోయినవాడికి ఇతరులను పణంగా పెట్టే అధికారం ఉంటుందా అని ద్రౌపది సభలో వేసిన ప్రశ్నకు పెద్దలు సూటిగా జవాబు చెప్పలేకపోయారు. ఈ ఆట నిర్మొహమాటంగా జవాబిస్తుంది: తన్ను కోల్పోయినవాడు ఇక కర్త కాడు. ఆ జవాబును అంగీకరిస్తే ఉన్మాదంలో జరిగిన హత్యలకు అతణ్ణి బాధ్యుణ్ణి చేయడం కష్టం. బాధ్యత వెనక్కి జరిగి, అతడు ఇంకా తానుగా ఉండి ఒక్కొక్క అవయవాన్నీ అమర్చుకున్న క్షణాలను చేరుతుంది. ఆ క్షణాల్లో అతడు ఎంత స్వతంత్రుడన్నదే అప్పుడు మిగిలే ప్రశ్న.

ఈ ఆటలోకం ఆధారంగా 2022లో వచ్చిన యానిమేషన్ ధారావాహిక ‘సైబర్‌పంక్: ఎడ్జ్‌రన్నర్స్’ ఈ ప్రశ్ననే కథగా మలిచింది. తల్లిని పోగొట్టుకుని, డబ్బు లేక, చదువు సాగక నిలబడిన డేవిడ్ మార్టినెజ్ సైనిక పరికరాన్ని తన వెన్నులో అమర్చుకుంటాడు. ఆ తర్వాత అతడు ఒక్కొక్క యంత్రాన్నీ దేహంలోకి తీసుకునేది చాలావరకు తనవారి కోసమే. ఆట లెక్క ప్రకారం అతడి మానవత్వం తరుగుతూ వస్తుంది. అతడు చేసిన పనుల ప్రకారం లూసీని కాపాడాలన్న తపన చివరిదాకా తరగదు. అంకె ఒకటి చెబుతుంటే ఆచరణ మరొకటి చెబుతుంది.

అంకె ఉండడమే తప్పని దీని తాత్పర్యం కాదు. పరిమితి లేకపోతే ఆటగాడు సంకోచం లేకుండా ఆయుధాలు పేర్చుకుంటాడు; ప్రతి శక్తికీ మూల్యం ఉంటుందన్న జంకు ఈ నియమం వల్లనే కలుగుతుంది. ఎంత పోతుందో ముందుగా తెలియనీయని పాచికలు ఆ జంకును మరింత పెంచుతాయి. నియమంలోని లోపం మరోచోట ఉంది. చెల్లింపు మొత్తం కొన్నవాడి ఖాతాలోనే పడుతుంది. అతణ్ణి కొనక తప్పని స్థితికి నెట్టిన సంస్థకు, అమ్మి లాభపడినవారికి ఈ నియమం కింద ఏ నష్టమూ లేదు. ఒక్క యంత్రమూ ధరించని వ్యాపారాధికారి వేలమంది బతుకులను కూల్చి కూడా తన 60ని 60గానే నిలుపుకోగలడు.

తెలుగు వాడుకలోని ‘నువ్వు మనిషివేనా?’ అన్న నింద ఆ అధికారికి సూటిగా తగులుతుంది, డేవిడ్‌కు తగలదు. మనిషితనాన్ని దేహంలో కాక నడతలో వెదికే ఆ వాడుక ఆట నియమం కంటే నిశితమైనది. యంత్రావయవాలు మానవత్వాన్ని హరిస్తాయా అన్న ప్రశ్నను, ఎవరి అవసరం ఎవరికి లాభమై ఆ అవయవం అమరిందన్న ప్రశ్నతో కలిపి అడగాలి. విడిగా అడిగినంతకాలం నేరం లోహానిదిగానూ, శిక్ష దాన్ని ధరించినవారిదిగానూ మిగిలిపోతాయి.