ఓడిన యేటి తరువాత

2008లో హైదరాబాదు క్రికెట్ జట్టగు డెక్కన్ ఛార్జర్స్ 14 ఆటలలో 2 మాత్రమే గెలిచి, 8 జట్లలో కడపటిదాయెను. 2009లో గిల్‌క్రిస్టు నాయకత్వమున ఆ జట్టే దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచెను. అయినను 2012లో ఆ జట్టే రద్దయ్యెను. లోకపు గెలుపు నిలువదు.

కర్నూలు, కడప మెట్టచేలలో వాన తప్పి వేరుసెనగ ఎండినప్పుడు మనమును దిగులుపడుదుము. అయితే లూకా 13వ అధ్యాయములో, మూడేండ్లు కాయని అంజూరపు చెట్టుకు తోటమాలి మరియొక యేడు గడువడిగెను. ఊరక అడుగలేదు, చుట్టు త్రవ్వి ఎరువు వేయ పూనుకొనెను.

మనమును అట్టి గడువుమీదనే బ్రదుకుచున్నాము. కనుక పరీక్ష తప్పిన బిడ్డను, అప్పులపాలైన సహోదరుని పనికిరాడని త్రోసివేయక, వాని కొరకు పార పట్టుదము. ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.