కత్తి కానుక

కానుక ఇవ్వటంలో కష్టం డబ్బు దగ్గర లేదు. ఏ కానుకైనా పుచ్చుకునేవాడి చెవిలో ఓ మాట అంటుంది. ఆ మాట ఏమిటో ఇచ్చేవాడు ముందే పోల్చుకోవటంలో ఉంది కష్టమంతా. పెళ్లికి గోడగడియారం ఇచ్చామనుకోండి. అది పెద్దగా ఏమీ అనదు. "నావంటివి ఇంకో పది వస్తాయి, వాటితోపాటు నన్నూ అటక మీద పడెయ్యి" అంటుంది, అంతే. అదే గడియారాన్ని ముప్ఫయ్యేళ్లు ఆలస్యంగా వచ్చిన గుమాస్తాగారికి రిటైరయ్యే రోజున ఇస్తే సభంతా ముసిముసి నవ్వులే. కొత్తకోడలికి అత్తగారు వంటల పుస్తకం ఇచ్చిందంటే అది పుస్తకం కాదు, అభియోగం.

మన పెద్దలకి ఈ సంగతి తెలియక కాదు. కఠోపనిషత్తు మొదలయ్యేదే ఓ చెడ్డ కానుకతో. ఉన్నదంతా దానం చేస్తున్నానని చెప్పి వాజశ్రవసుడు వట్టిపోయిన ముసలి ఆవుల్ని తోలుతుంటే కొడుకు నచికేతుడికి మనసొప్పలేదు. మరి నన్నెవరికిస్తావని తండ్రిని నిలదీశాడు. ఆ తరవాత కథ మీకు తెలిసిందే, యముడి ఇంటిదాకా పోయింది. చిత్రమేమిటంటే, ఆ ఉపనిషత్తులోనే కాస్త ముందుకు పోతే ఆత్మజ్ఞానపు దారిని మంగలికత్తి అంచుతో పోల్చారు. ఈ రెంటికీ ఏదో లంకె ఉందని నేననను. కాని రెండు నెలలుగా నా బుర్రలో మాత్రం ఆ ఆవులూ, ఆ కత్తీ కలిసే తిరుగుతున్నాయి. ఎందుకంటే నేనొకరికి మంగలికత్తి కానుకగా ఇవ్వదలిచాను.

మా నాన్నగారు పక్షవాతంతో నాలుగేళ్లు మంచం పట్టి ఉన్నారు. ఆ నాలుగేళ్లూ వారానికి రెండుసార్లు, వానైనా ఎండైనా, మా ఊరి బాబాయ్ సైకిల్ మీద వచ్చి ఆయనకి గడ్డం చేసి వెళ్లేవాడు. బాబాయ్ అంటే చుట్టరికం కాదు, చిన్నప్పటినుంచీ నేను పిలిచే పిలుపు. నాకు అరవై దాటినా అతనికి నేను ఇంకా 'అబ్బాయిగారే'. పక్షవాతం వచ్చిన మొహానికి గడ్డం గీయటం ఎవరికి పడితే వారికి చేతనయ్యే పని కాదు. ఒకవైపు చెంప జారిపోయి ఉంటుంది. చర్మాన్ని రెండువేళ్లతో పైకి లాగి పట్టి, కత్తి బరువు తప్ప చేతిబరువు పడకుండా దించాలి. నొప్పి పుడితే చెప్పటానికి ఆ మనిషికి మాట లేదు. అయినా బాబాయ్ సైకిల్ గంట వినిపించగానే నాన్నగారు గడ్డం కాస్త పైకెత్తేవారు. రోజు మొత్తంలో ఆయన తనంత తానుగా చేసే పని అదొక్కటే.

దీనికి బాబాయ్ పుచ్చుకున్నది బజార్లో గడ్డానికి ఎంతో అంతే. రానూపోనూ ఆరుమైళ్ల సైకిల్ తొక్కుడికి ఏమైనా ఇవ్వబోతే, "నడవలేనివారి ఇంటికి నడిచి రావటానిక్కూడానా" అనేవాడు. నాన్నగారు పోయాక పదోరోజున నా తల గొరిగిందీ ఆ చెయ్యే.

ఇప్పుడు సంవత్సరీకం వస్తోంది. అతనికేదైనా ఇవ్వాలి. ఏమివ్వాలో మీరే చెప్పండి. డబ్బిస్తే అది కూలి అయిపోతుంది. కూలి బాకీ ఏమీ లేదుగా. పూర్వం లాగా కళ్లంలో మేర కొలిచి ఇచ్చే రోజులు ఎప్పుడో పోయాయి, పోవటమే మంచిది కూడా. ఏడాది పొడుగునా చేసిన చాకిరీకి, పంట బాగా పండితే ఇన్ని కుంచాలు, పండకపోతే ఓ నమస్కారం. దాన్ని కానుకనేవారు ఇచ్చేవాళ్లు. పుచ్చుకునేవాళ్లు ఏమనేవారో ఎవరూ రాసిపెట్టలేదు. శాలువా కప్పుదామంటే, అది మంత్రులకీ, కవులకీ అలవాటైన వస్త్రం. సదరు శాలువాలు ఏమవుతాయో ప్రతి కవిగారి భార్యకీ తెలుసు.

కత్తి అన్న ఆలోచన నాకు మైకేల్ ఫారడే దగ్గర తట్టింది. విద్యుత్తుకి పెద్దదిక్కయిన ఆ ఫారడేయే. ఆయన తండ్రి కమ్మరి. కొడుకు శాస్త్రజ్ఞుడయ్యాక, లండన్‌లో కత్తులూ శస్త్రాలూ చేసే జేమ్స్ స్టోడార్ట్ అనే ఆయనతో కలిసి 1820 ప్రాంతాల్లో ఉక్కులో వెండి మొదలైన లోహాలు కలిపి ప్రయోగాలు చేశాడు. ఆ ఉక్కుతో చేయించిన మంగలికత్తుల్ని స్నేహితులకి కానుకగా ఇవ్వటం ఆయనకి అలవాటు. ఆ ప్రయోగాలకి మూలం ఏమిటనుకున్నారు? 'వూట్జ్' అని వాళ్లు పిలిచిన మన దక్షిణాది ఉక్కు! 1819లోనే ఫారడే దాన్ని పరీక్షించి వ్యాసం రాశాడు. స్టోడార్ట్ అయితే యూరప్‌లోని మేలురకం ఉక్కుకన్నా తనకిదే ఇష్టమని తన దుకాణం చీటీ మీదే అచ్చు వేయించుకున్నాడు. మన 'ఉక్కు' అన్న మాటే వాళ్ల నోట నలిగి అలా అయిందంటారు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఈ ఉక్కు కాచేవారు. దానికోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చి కూర్చునేవారు. ఆ కొలుములు ఇప్పుడు లేవు. కొనాలంటే మనమే జర్మనీలోని జోలింగెన్ పేరు చెప్పుకోవాలి. ఆ ఊరిపేరు కత్తి మీద వేసుకోవటానికి అక్కడ 1938లోనే చట్టం చేశారు. పేరు చెక్కినంత మాత్రాన చాలదు, సరుకు ఆ ఊళ్లో తయారై ఉండాలి. మన కోనసముద్రానికి అటువంటి చట్టం చేసేవాళ్లు లేకపోయారు. ఇది వేరే ఏడుపు, పోనివ్వండి.

కత్తి ఎంచటం మొదలుపెట్టాక తెలిసింది, అదొక శాస్త్రమని. వెడల్పుని అంగుళంలో ఎనిమిదో వంతుల్లో లెక్కిస్తారు. అయిదు వంతులది మామూలు చేతికి చక్కగా అమరుతుంది. ఆరూ ఏడూ అయితే బరువు ఎక్కువ, ముక్కుకింద తిరగదు. రెండుపక్కలా లోపలికి గుల్లగా సానపట్టిన కత్తి పల్చగా ఉండి వెంట్రుక తెగుతున్న చప్పుడు వినిపిస్తుంది. గుల్ల తియ్యనిది ఆప్పచ్చులా మందంగా ఉంటుంది, ముతకగడ్డానికి మొండిగా పనిచేస్తుంది. తుప్పు పట్టని ఉక్కూ ఉంది గాని, దాన్ని నూరటం కష్టం. పాతరకం కార్బన్ ఉక్కు ఆకురాయి మీద ఇట్టే మాట వింటుంది. కాకపోతే మా కోస్తా గాలికి తడి తుడిచి చుక్క నూనె రాయకపోతే తెల్లారేసరికి మచ్చపడుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి కత్తి వీపుది. ఆ వీపు మందం ఊరికే పెట్టింది కాదు. రాయి మీద వీపూ అంచూ రెండూ ఒకేసారి ఆనేటట్టు పడుకోబెట్టి నూరితే, ఏ కోణంలో అంచు తేలాలో ఆ కోణంలోనే తేలుతుంది. అంటే గురువుని వీపున మోస్తూనే పుడుతుందన్నమాట కత్తి.

పూర్వం దొరలు ఏడు కత్తుల పెట్టె కొనుక్కునేవారు. ఒక్కోదాని వీపు మీద ఒక్కో వారం పేరు. సోమవారం కత్తి మళ్లీ సోమవారానికే. మనుషులకి లేని వారాంతపు సెలవు కత్తులకుండేది.

ఇక అభ్యంతరాలు. మా ఆవిడ మొదటిది లేవదీసింది: కత్తి ఎవరైనా కానుకిస్తారా? మా ఇంట్లో కత్తి చేతికివ్వరు, కింద పెడితే తీసుకోవాలి. ఈ భయం మనకే కాదు. ఇంగ్లండులో కూడా కత్తి కానుకిస్తే స్నేహం తెగుతుందని, పుచ్చుకున్నవాడు ఓ చిల్లరనాణెం తిరిగి ఇచ్చి దాన్ని కొన్నట్టు చేస్తాడు. ఇటువంటి అభ్యంతరాలకి విరుగుడు ఎప్పుడూ చవగ్గానే దొరుకుతుంది.

రెండోది మా అమ్మాయి వేసింది. దానికి విరుగుడు దొరకలేదు. "నాన్నా, ఆయన కులాన్ని పెట్టెలో పెట్టి ఆయనకే ఇస్తావా?" అంది.

నేను వెంటనే వీణ ఎత్తాను. విద్వాంసుడికి వీణ ఇస్తే సత్కారం కదా, మరి కత్తిలో ఏముంది తప్పు? ఆ మాట అంటూండగానే నాకే అది సరిపోలేదు. వీణ విద్వాంసుణ్ణి ఎవరూ ఊళ్లో 'ఒరే వీణా' అని పిలవరు. ఈ పనివాళ్ల కులంపేరు మంగళం అన్న మాటకి చుట్టమంటారు. పెళ్లిళ్లలో సన్నాయి ఊదిందీ, డోలు వాయించిందీ వాళ్లే. పల్లెల్లో వైద్యం చేసిందీ, పురుళ్లు పోసిందీ ఆ ఇళ్లవాళ్లే. అయినా అదే పేరుని తిట్టుగా వాడుకున్న నోళ్లు మావే. కత్తిలో అవమానం లేదు, నిజమే. చూసిన కళ్లల్లో ఉంది. కాని కానుకిచ్చేవాడు ఆ కళ్లని ఇంటి దగ్గర పెట్టి రాలేడు కదా! బాబాయ్ కొడుకు బ్యాంకులో ఆఫీసరు. పొది తన తరంతో ఆగిపోయిందని బాబాయ్‌కి ఎంత గర్వమో నాకు తెలుసు. 'మంగలి పాత, చాకలి కొత్త' అని సామెత. పాతబడ్డకొద్దీ ఆ చెయ్యి మెరుగవుతుందని మెచ్చుకోలే గాని, ఆ పాతచేతిని ఆ పనిలోంచి వదలం అన్న మాట కూడా అందులో దాక్కుని ఉంది.

అలా ఓ వారం ఊగిసలాడాక ఒక లెక్క వేసుకున్నాను. నేనిచ్చిన కత్తి రేపు నా చెంపమీదే తిరిగేదైతే అది కానుక కాదు, పెట్టుబడి. పాలేరుకి కొత్తనాగలి కొనిచ్చినట్టు. ఇచ్చినవాడికి దానివల్ల కాణీ లాభం ఉండకూడదు. ఈ పరీక్షలో మంగలికత్తి, విచిత్రంగా, నెగ్గింది. మన దేశంలో ఎయిడ్స్ క్రిమి 1986లో మద్రాసులో తొలిసారి బయటపడింది. తరవాత ప్రచారం పల్లెల దాకా వచ్చాక బాబాయ్ కూడా పాతకత్తి పక్కనపెట్టి, బ్లేడుని సగానికి విరిచి బిగించే కత్తి పట్టాడు. ఒక మనిషికి ఒక ముక్క, తరవాత పారెయ్యటమే. నాన్నగారికీ దానితోనే చేశాడు. కనక మంచి జోలింగెన్ కత్తి ఈ రోజున అతని వృత్తికి పనికిరాదు. ఎవరి గడ్డానికీ ఎక్కదు, అతని సొంతగడ్డానికి తప్ప. డెబ్భయ్యేళ్లు ఊరందరి మొహాలూ చూసిన మనిషికి, తన మొహం కోసం ఒక వస్తువు. అందులోనూ తన విద్య తెలిసినవాడికి తప్ప ఇంకెవరికీ ఉపయోగించని వస్తువు.

ఇంత తర్కమూ నాలో నేను చేసుకుంటే ఏం లాభం? కానుకంటే చెప్పకుండా చేతిలో పెట్టి ఆశ్చర్యపరచాలనే పద్ధతి నాకు మొదటినుంచీ నచ్చదు. ఆ ఆశ్చర్యంలో సంతోషం ఇచ్చేవాడిది, ఇరకాటం పుచ్చుకునేవాడిది. వద్దనటానికి వీలులేని కానుక ఇవ్వటం కూడా ఒక రకం దౌర్జన్యమే. అందుకని వెళ్లి అడిగాను.

బాబాయ్ పెద్దగా నవ్వాడు. "నా గడ్డానికా అబ్బాయిగారూ! ఉన్నవి నాలుగు తెల్లవెంట్రుకలు" అన్నాడు. అని ఊరుకోలేదు. వెడల్పెంత, వీపెంత మందం, గుల్లసానా కాదా, అన్నీ అడిగాడు. ఫోనులో బొమ్మలు చూపిస్తే కళ్లజోడు తుడుచుకుని ఒక్కొక్కటీ చూశాడు. జింకకొమ్ము పిడీ, వీపు మీద బంగారు నగిషీ ఉన్నదాన్ని చూసి, "ఇది పెళ్లికొడుకు" అని పక్కన పెట్టేశాడు. నల్లపిడి, అయిదు వంతులది, గుండ్రటి కొస ఉన్నది ఎంచాడు. పది వేలు దాటుతుందని తెలిసి వద్దని గొడవపెట్టాడు. గంటసేపు బేరమాడుకున్నాం, అమ్మేవాడు ఎక్కడో ఉండగా.

నేను లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చాడు. "సంవత్సరీకంనాడు నలుగురిలో ఇద్దామనుకున్నాను బాబాయ్" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "పుచ్చుకుంటాను అబ్బాయిగారూ. నలుగురిలో మటుకు వద్దు. ఆ రోజు మావాడు కూడా వస్తాడు" అన్నాడు.

మా అమ్మాయికి చెబితే ఏమీ అనలేదు.

కత్తి వచ్చింది. బీరువాలో ఉంది. సంవత్సరీకం గురువారం. శనివారం పొద్దున, వాళ్ల అబ్బాయి ఊరికి వెళ్లిపోయాక, నేనే సైకిల్ మీద వెళ్లి ఇచ్చి వస్తాను. దానితోపాటు పదును సరిచేసుకునే తోలుపట్టీ కూడా కొందామనుకున్నాను గాని బాబాయ్ వద్దన్నాడు. వాళ్ల నాన్నది గూట్లో ఉందట.